లోహలోకం: మెరుపు లేని కొలిమి

ఒక టన్ను ఉక్కును గది ఉష్ణోగ్రత నుండి కరిగే స్థితికి తేవడానికి ఎంత విద్యుత్తు కావాలి? ఉక్కు విశిష్టోష్ణాన్ని, ద్రవీభవన గుప్తోష్ణాన్ని తీసుకొని లెక్క కడితే 350 నుండి 400 యూనిట్లు చాలునని తేలుతుంది. ఇంటర్మీడియట్ చదివే మన పిల్లలు సైతం కాగితం మీద వేయగల లెక్క ఇది. అయితే ఎలక్ట్రోస్లాగ్ రీమెల్టింగ్ కొలిమిలో టన్నుకు సాధారణంగా 1,000 నుండి 1,500 యూనిట్ల వరకు ఖర్చవుతుంది. పైగా ఆ కొలిమిలోకి వెళ్ళేది ముడి ఖనిజమో, తుక్కు ఇనుమో కాదు. అప్పటికే ఒకసారి కరిగి, శుద్ధి పొంది, కడ్డీగా పోత పోసిన మంచి ఉక్కు. మంచి ఉక్కును మళ్ళీ కరిగించడమెందుకు? కరిగించినా అంత విద్యుత్తు ఎందుకు? ఈ సందేహం ఎవరికైనా సహజం.

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం జరుపుకొంటాం. అటువంటి సందర్భాలలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. కాబట్టి ఈ సంచికలో ఆ కొలిమి లోపల వేడి, విద్యుత్తు ఏ విధంగా ప్రవర్తిస్తాయో, మీటరు చూపే ఆ అదనపు యూనిట్లు ఎక్కడికి పోతున్నాయో, వాటిలో ఎన్నింటిని మనం నిజంగా పొదుపు చేయవచ్చునో పరిశీలిద్దాం.

మళ్ళీ కరిగించడమెందుకు?

ఐసు ఫ్యాక్టరీ నుండి వచ్చే పెద్ద మంచు దిమ్మెను మనమందరం చూసి ఉంటాం. దాని అంచులు గాజులా స్వచ్ఛంగా ఉంటాయి. నడిమి భాగం మాత్రం తెల్లగా, మసకగా ఉంటుంది. నీరు గోడల వైపు నుండి గడ్డకడుతూ తనలో కరిగి ఉన్న గాలిని, లవణాలను లోపలికి నెట్టుకుంటూ పోవడమే దీనికి కారణం. చివరకు గడ్డకట్టే మధ్యభాగంలో ఆ మలినమంతా చేరుతుంది.

పెద్ద ఉక్కు దిమ్మె విషయంలోనూ జరిగేది ఇదే. ద్రవోక్కును అచ్చులో ఒక్కసారిగా నింపితే వెలుపలి భాగం ముందుగా ఘనీభవిస్తుంది. గంధకం, భాస్వరం, కర్బనం వంటివి చివరగా గడ్డకట్టే నడిబొడ్డున పోగవుతాయి. సంకోచం వల్ల అక్కడే బోలు కూడా ఏర్పడుతుంది. గృహనిర్మాణానికి వాడే కడ్డీకి దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. కాని బేరింగులకు, పోత అచ్చులకు, టర్బైన్ భాగాలకు, ఫిరంగి గొట్టాలకు వాడే ఉక్కులో ఆ నడిమి దోషం నుండే పగులు మొదలు కావచ్చు. అందుచేత దిమ్మె మొత్తాన్ని ఒకేసారి గడ్డకట్టనీయకుండా కొద్దికొద్దిగా కరిగించి, కొద్దికొద్దిగా గడ్డకట్టించే మార్గాన్ని అన్వేషించవలసి వచ్చింది.

ఆర్క్ ఆరినా ఆగని కరుగుదల

ఈ మార్గంలో తొలి అడుగులు అమెరికాలో పడ్డాయి. ఆర్. కె. హాప్కిన్స్‌కు 1940లో ఈ తరహా పద్ధతికి పేటెంటు లభించింది. అయితే దీనిని పారిశ్రామిక విధానంగా తీర్చిదిద్దిన ఘనత నాటి సోవియట్ యుక్రెయిన్‌లో కీవ్ నగరంలోని పాటన్ వెల్డింగ్ సంస్థకు దక్కుతుంది. 1940ల చివర అక్కడి శాస్త్రజ్ఞులు దళసరి పలకలను నిలువుగా అతికే పద్ధతులపై పరిశోధిస్తుండగా ఒక విశేషాన్ని గమనించారు. ద్రవ స్లాగు మడుగు లోతుగా ఉన్నప్పుడు విద్యుత్ చాపం, అనగా ఆర్క్, ఆరిపోయింది. అయినా తీగ కరగడం ఆగలేదు. ఆర్క్ మెరుపు లేకుండానే స్లాగు తన నిరోధం చేత వేడెక్కి ఉక్కును కరిగిస్తున్నదని వారు గ్రహించారు. ఈ పరిశీలన నుండి ముందుగా ఎలక్ట్రోస్లాగ్ వెల్డింగ్, తరువాత బోరిస్ పాటన్, మెదోవర్ ప్రభృతుల కృషితో ఎలక్ట్రోస్లాగ్ రీమెల్టింగ్ రూపొందాయి. 1958లో జపరోజ్యే నగరంలోని ద్నెప్రోస్పెత్స్‌స్తాల్ కర్మాగారంలో ఈ కొలిమి ఉత్పత్తిలో ప్రవేశించింది.

మన రాష్ట్రాల పాఠకులకు దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్‌ను చెప్పుకోవాలి. 1973లో ఏర్పడిన ఈ ప్రభుత్వరంగ సంస్థ రక్షణ, అంతరిక్ష, అణుశక్తి రంగాలకు కావలసిన ప్రత్యేక లోహాల తయారీలో ఈ పద్ధతిని కూడా వినియోగిస్తున్నది.

ఇస్త్రీపెట్టె సూత్రమే

కొలిమి నిర్మాణం చూడడానికి సరళం. చుట్టూ నీరు ప్రవహించే రాగి మోల్డు. దాని అడుగున నీటితో చల్లబరచే రాగి పీఠం. మోల్డులో ద్రవ స్లాగు మడుగు. పై నుండి ఆ మడుగులోకి కొద్దిగా మునిగి ఉండే ఉక్కు ఎలక్ట్రోడు. విద్యుత్తు ఎలక్ట్రోడు నుండి స్లాగులోకి, స్లాగు నుండి కింద ఉన్న ద్రవోక్కులోకి, అక్కడి నుండి గడ్డకట్టిన దిమ్మెలోకి, పీఠంలోకి సాగిపోతుంది.

మన ఇంటి ఇస్త్రీపెట్టెలో తీగచుట్ట వేడెక్కుతుంది గాని దానికి విద్యుత్తును తెచ్చే రాగి తీగ వేడెక్కదు. రెండింటిలోనూ ప్రవహించే కరెంటు ఒక్కటే. నిరోధం ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడ వేడి పుడుతుంది. ఈ కొలిమిలోనూ అంతే. ద్రవ స్లాగు నిరోధకత ఉక్కు నిరోధకత కంటె వేయి రెట్లకు మించి ఉంటుంది. కనుక ఎలక్ట్రోడులో, దిమ్మెలో పుట్టే వేడి స్వల్పం. ఇంచుమించు వేడి అంతా స్లాగులోనే పుడుతుంది.

అంకెలలో పోలిక మాత్రం ఆశ్చర్యం గొలుపుతుంది. 230 వోల్టులపై పనిచేసే 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె నిరోధం సుమారు 53 ఓమ్‌లు. అందులో పారే కరెంటు నాలుగు ఆంపియర్లకు కాస్త ఎక్కువ. 500 మిల్లీమీటర్ల వ్యాసం గల దిమ్మెను తయారుచేసే కొలిమిని ఉదాహరణగా తీసుకొంటే స్లాగు మీద వోల్టేజి 50 వోల్టులు, కరెంటు 12,000 ఆంపియర్లు ఉండవచ్చు. అనగా 600 కిలోవాట్లు. ఈ లెక్కన స్లాగు నిరోధం ఓమ్‌లో వేయింట నాలుగు వంతులు మాత్రమే. ఇంత తక్కువ నిరోధంలో ఇంత వేడి పుట్టడానికి కారణం కరెంటు. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుందని జూల్ నియమం.

ఆ వేడికి స్లాగు 1,600 నుండి 1,800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగుతుంది. ఉక్కు కరగడానికి సుమారు 1,500 డిగ్రీలు చాలు. ఎలక్ట్రోడు కొన పలుచని పొరగా కరిగి, చుక్కలు చుక్కలుగా స్లాగులోంచి కిందికి రాలుతుంది. ఆ పలుచని పొర స్లాగును తాకి ఉన్నప్పుడే ఉక్కులోని ఆక్సైడు మలినాలు చాలవరకు స్లాగులో కలిసిపోతాయి. గంధకం కూడా స్లాగులోకి మారుతుంది. కడిగిన చుక్కలన్నీ కింద నిస్సారమైన మడుగుగా చేరి, చల్లని పీఠం వైపు నుండి పైకి గడ్డకడుతూ వస్తాయి.

ఒకే స్లాగు, రెండు స్వభావాలు

ఈ స్లాగు బ్లాస్ట్ ఫర్నేసులో తీసి పారబోసే లోహమలం వంటిది కాదు. కాల్షియం ఫ్లోరైడు, సున్నం, అల్యూమినా ప్రధానంగా కల మిశ్రమాన్ని పాళ్ళు చూసుకొని తయారుచేస్తారు. 70 పాళ్ళు ఫ్లోరైడు, 30 పాళ్ళు అల్యూమినా ఒక ప్రసిద్ధమైన పాకం. 60, 20, 20 పాళ్ళలో మూడూ కలపడం మరొకటి.

లోహం వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. స్లాగు ప్రవర్తన దీనికి విరుద్ధం. ఇందులో విద్యుత్తును మోసేవి కాల్షియం, ఫ్లోరిన్ వంటి అయాన్లు. వేడి పెరిగిన కొద్దీ వాటి కదలిక సులభమై నిరోధం తగ్గుతుంది. చల్లబడి గడ్డకడితే ఆ కదలిక నిలిచిపోయి అదే స్లాగు దాదాపు నిరోధకంగా మారుతుంది. ఈ ఒక్క గుణం నుండి కొలిమి నడక యావత్తూ పుట్టుకొస్తుంది.

మొదటిది, ప్రారంభం. చల్లని స్లాగు పొడిలో కరెంటు పారదు. అందుచేత వేరే కొలిమిలో కరిగించిన స్లాగును మోల్డులో పోసి ఆరంభించాలి, లేదా ఉక్కు రజను వంటి వాటి సహాయంతో కాసేపు ఆర్క్ వెలిగించి స్లాగును కరిగించాలి.

రెండవది, నిలకడ. వోల్టేజిని స్థిరంగా ఉంచి వదిలేస్తే, స్లాగు వేడెక్కిన కొద్దీ నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, మరింత వేడెక్కుతుంది. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను, ఎలక్ట్రోడు దింపుడును నిరంతరం సరిచూసుకొంటూ ఉండాలి.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మోల్డు గోడకు అంటుకొనే పొర. నీటి చల్లదనానికి గోడ వెంబడి స్లాగు కొన్ని మిల్లీమీటర్ల మందాన గడ్డకడుతుంది. ఈ పొర అటు వేడికి, ఇటు విద్యుత్తుకు రెండింటికీ తెర. కరెంటు పక్కకు పోకుండా నిలువుగా కిందికి పారడానికి ఇదే కారణమని చాలాకాలం భావించారు. 2000 తరువాత జరిగిన కొలతలు, కంప్యూటర్ గణనలు ఈ భావనను కొంత సవరించాయి. పొర పలుచబడిన చోట కొంత కరెంటు మోల్డులోకీ వెళుతుందని అవి తెలిపాయి. వేడి పొర మందాన్ని నిర్ణయిస్తే, పొర మందం కరెంటు దారిని నిర్ణయిస్తుంది. కరెంటు దారి మళ్ళీ వేడిని నిర్ణయిస్తుంది. ఈ కొలిమిలో వేడికీ విద్యుత్తుకూ వియ్యమని చెప్పవచ్చు. ఒకదానిని కదిలిస్తే రెండవది కదలక మానదు.

ఏకాంతర విద్యుత్తు వల్ల కలిగే విశేషాలు

ఈ కొలిములలో సాధారణంగా 50 హెర్ట్జుల ఏకాంతర విద్యుత్తును వాడుతారు. ఏకముఖ విద్యుత్తు అయితే ఒకే దిశలో విద్యుద్విశ్లేషణ జరిగి లోహ రసాయనం మారే అవకాశం ఉంది.

ఏకాంతర విద్యుత్తు వాహకంలో వెలుపలి భాగాన్నే ఆశ్రయిస్తుందని ఇంజనీర్లకు విదితమే. చల్లని ఉక్కు అయస్కాంత గుణం కలది గనుక కరెంటు దాని పై కొద్ది మిల్లీమీటర్లకే పరిమితమవుతుంది. సుమారు 770 డిగ్రీలు దాటితే ఇనుము ఆ గుణాన్ని కోల్పోతుంది. అప్పుడు కరెంటు 70 మిల్లీమీటర్లకు పైగా లోతుకు వ్యాపిస్తుంది. స్లాగులో ఈ లోతు కొన్ని మీటర్లు ఉంటుంది గనుక అక్కడ ఇటువంటి ఇబ్బంది లేదు. మడుగు అంతటా కరెంటు పరచుకొంటుంది.

వేల ఆంపియర్ల కరెంటు చుట్టూ బలమైన అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం కరెంటును మోసే స్లాగును నడిమికి ఒత్తి, ఎలక్ట్రోడు కింద దిగువకు తోస్తుంది. మరోవైపు గోడ దగ్గర చల్లబడిన బరువైన స్లాగు గోడ వెంబడి దిగజారుతుంది. ఈ రెండు ప్రవాహాలు పరస్పర విరుద్ధం. వాటి పోరులో స్లాగు బాగా కలియబడి, మడుగులో ఉష్ణోగ్రత కొంతవరకు సమం అవుతుంది. ఎలక్ట్రోడు వ్యాసం మోల్డు వ్యాసానికి ఎంత దగ్గరగా ఉందనే దాన్ని బట్టి ఈ పోరులో ఏది గెలుస్తుందో తేలుతుంది.

యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి?

స్లాగులో పుట్టిన వేడిలో ఇంచుమించు సగం వరకు మోల్డు గోడ గుండా నీటిలోకి పోతుంది. కొంత స్లాగు ఉపరితలం నుండి వికిరణమవుతుంది. మిగిలినది మాత్రమే ఎలక్ట్రోడును కరిగించడానికి, కింది మడుగును ద్రవస్థితిలో ఉంచడానికి ఉపయోగపడుతుంది. లెక్క ప్రకారం చూస్తే ఇది నష్టమే.

కాని నీటిలోకి పోయే ఆ వేడి చేసే పని ఒకటుంది. గోడ మీద స్లాగు పొరను నిలబెట్టేది అదే. దిమ్మెకు నునుపైన చర్మాన్నిచ్చేది, రాగి మోల్డును కరగకుండా కాపాడేది ఆ పొరే. ద్రవోక్కు మడుగు లోతు మించకుండా, దిమ్మె పైకి క్రమంగా గడ్డకట్టేటట్లు చేసేది ఆ చల్లదనమే. అది లేకపోతే మనం ఒకసారి పోసిన పాత దిమ్మెనే ఎక్కువ ఖర్చుతో మళ్ళీ పోసినట్లవుతుంది.

ఇక్కడే ఒక ప్రలోభం ఎదురవుతుంది. 500 మిల్లీమీటర్ల దిమ్మెకు గంటకు సుమారు 350 నుండి 450 కిలోల వేగం తగినదని ఒక బండగుర్తు. అనగా మిల్లీమీటర్లలో వ్యాసం ఎంతో, అందులో 70 నుండి 90 శాతం కిలోలు. గంటకు 400 కిలోల చొప్పున మూడు టన్నుల దిమ్మెకు ఏడున్నర గంటలు పడుతుంది. అంటే దాదాపు ఒక షిఫ్టు. పవర్ పెంచి వేగాన్ని 600 కిలోలకు తీసుకొనిపోతే ఐదు గంటలలో పని ముగుస్తుంది. గోడ గుండా వేడి పోయే కాలం తగ్గుతుంది గనుక టన్నుకు యూనిట్లు కూడా తగ్గుతాయి. ఉత్పత్తి పెరిగింది, కరెంటు మిగిలింది. పైగా గోడ పొర పలుచబడి దిమ్మె పైతలం ఇంకా నునుపుగా వస్తుంది. చూసినవారు మెచ్చుకొంటారు.

నష్టం లోపల దాగి ఉంటుంది. వేగం పెరిగిన కొద్దీ ద్రవోక్కు మడుగు గరాటు ఆకారంలో లోతుగా దిగుతుంది. స్ఫటికాలు పైకి పెరగడానికి బదులు పక్కల నుండి నడిమికి పెరుగుతాయి. నడిబొడ్డు చివరగా గడ్డకడుతుంది. మంచు దిమ్మెలోని తెల్లని మసక ఇక్కడ కర్బనం, క్రోమియం, మాలిబ్డినం పోగుపడిన చారల రూపంలో తిరిగి వస్తుంది. ఆ ఉక్కుతో చేసిన డై కొన్ని వందల దెబ్బలకే చిట్లవచ్చు, బేరింగు నిర్ణీతకాలం పనిచేయకపోవచ్చు. మిగిల్చిన యూనిట్లకు ఎన్నో రెట్లు మూల్యం అక్కడ చెల్లించవలసి వస్తుంది. వేగం మరీ తగ్గించినా కష్టమే. గోడ పొర దళసరై దిమ్మె మీద ముడుతలు పడతాయి. ఫోర్జింగుకు ముందు పై చర్మాన్ని చెక్కి పారవేయవలసి వస్తుంది. మధ్యేమార్గమే శ్రేయస్కరం.

ఆపరేటరు చేతిలో

స్లాగు లోపల ఏం జరుగుతున్నదో కంటికి కనిపించదు. దానిని మీటరు ముల్లు చెబుతుంది. ఎలక్ట్రోడు కొన స్లాగులో కొద్దిగా మాత్రమే మునిగి ఉన్నప్పుడు నిరోధం కొద్ది కొద్దిగా ఊగిసలాడుతుంది. లోతుగా మునిగితే ఊగిసలాట అణగిపోతుంది, నిరోధం తగ్గుతుంది. కొన బయటికి తేలితే ఆర్క్ లేచి, గాలి సోకి, ముల్లు విపరీతంగా కొట్టుకొంటుంది. ఆధునిక కొలిములలో కంప్యూటర్ ఈ ఊగిసలాటనే కొలిచి ఎలక్ట్రోడును దింపుతుంది. ఆపరేటరు నిర్ణయం మాత్రం ఇప్పటికీ అవసరమే. చివరి దశలో పవర్‌ను మెట్లు మెట్లుగా తగ్గించి దిమ్మె తలలో బోలు ఏర్పడకుండా చూడడం కూడా శ్రద్ధతో చేయవలసిన పని.

భద్రత విషయంలో మూడు మాటలు. స్లాగు పొడిలోని సున్నం గాలిలోని తేమను పీలుస్తుంది. తడిసిన స్లాగు వాడితే ఉక్కులోకి హైడ్రోజన్ చేరి, పగుళ్ళు పుడతాయి. కాబట్టి స్లాగును కాల్చి పొడిగా ఉంచాలి. ఎలక్ట్రోడు వంకరగా ఉండి మోల్డు గోడకు ఆర్క్ తగిలితే రాగికి రంధ్రం పడవచ్చు. ద్రవలోహం కింద నీరు చిక్కితే పేలుడు తప్పదు. ఫ్లోరైడు పొగలు ఆరోగ్యానికి హానికరం, అందుచేత పొగ లాగే యంత్రం నడవనిదే కొలిమి నడపరాదు.

పొదుపు చేయదగిన యూనిట్లు

ఇంతకూ పొదుపునకు చోటే లేదా? తప్పక ఉంది. మోల్డుకు తగినంత లావైన ఎలక్ట్రోడు వాడితే ఉపరితల వికిరణం తగ్గుతుంది, టన్నుకు ఖర్చు దిగుతుంది. ఉక్కు రకానికి సరిపడితే ఫ్లోరైడు తక్కువ గల స్లాగును ఎన్నుకోవచ్చు. దాని నిరోధం ఎక్కువ గనుక తక్కువ కరెంటుతో అదే వేడి పుడుతుంది. అవసరానికి మించి స్లాగు లోతు ఉంచకపోవడం మరొక మార్గం. క్లాంపులను, బస్‌బార్ కలయికలను శుభ్రంగా ఉంచాలి. 12,000 ఆంపియర్ల దగ్గర ఓమ్‌లో పదివేలవ వంతు అదనపు నిరోధం ఉన్నా 14 కిలోవాట్లకు పైగా వ్యర్థమవుతుంది. మూడు టన్నుల దిమ్మె పూర్తయ్యేసరికి అది వంద యూనిట్లు దాటుతుంది. వెళ్ళే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు దగ్గర దగ్గరగా నడిచేటట్లు వాహకాలను అమర్చితే పవర్ ఫ్యాక్టర్ మెరుగవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ దిమ్మె నడిబొడ్డుకు హాని చేయదు.

విమాన ఇంజన్లలో తిరిగే డిస్కుల కోసం వాడే నికెల్ మిశ్రలోహాన్ని కొన్ని సందర్భాలలో మూడు సార్లు కరిగిస్తారు. మొదట శూన్యంలో ఇండక్షన్ కొలిమిలో, తరువాత స్లాగు కింద, చివరగా శూన్యంలో ఆర్క్ కొలిమిలో. నడిమి మెట్టులో తయారైన దిమ్మె గట్టిగా, పగుళ్ళు లేకుండా, శుభ్రంగా ఉంటేనే చివరి మెట్టు నిలకడగా సాగుతుంది. అక్కడ తొందరపడి మిగిల్చిన యూనిట్లను తరువాతి మెట్టు సరిదిద్దలేదు.

కాబట్టి మన షాపుల గోడల మీద పొదుపు నినాదాలు రాసేటప్పుడు ఒక్క మాట కలుపుకోవడం మంచిది. టన్నుకు యూనిట్లు ఎన్ని అనే అంకె పక్కనే గంటకు కిలోలు ఎన్ని అనే అంకెను కూడా రాయాలి. మొదటిది తగ్గి, రెండవది పెరిగిన రోజున సంతోషించే ముందు ఆ దిమ్మెను అడ్డంగా కోసి, ఆమ్లంతో తుడిచి, నడిబొడ్డును పరీక్షించాలి.

శూన్యంలో ఆర్క్‌తో కరిగించే పద్ధతి గురించి, మెరుపు అక్కడ ఎందుకు అవసరమైనదనే విషయం గురించి వచ్చే సంచికలో ముచ్చటించుకొందాం.